మూడో పిలుపు

మా తమ్ముడు ఏసుబాబు పోయాక కూడా నన్ను రోజూ పిలుస్తూనే ఉన్నాడు. దెయ్యాల కథ అనుకుని కుర్చీ దగ్గరికి లాక్కోకండి. నాకు దెయ్యాల మీద నమ్మకం లేదు, నమ్మేవాళ్ళతో ఓపికా లేదు. ప్రత్తిపాడులో పిల్లలకి సైన్సు చెబుతాను. ఆదివారం చర్చిలో సండే స్కూలు చెబుతాను. ఆ రెండుచోట్లా దెయ్యం మాట ఎవరెత్తినా నా చేతిలో చీవాట్లు తింటారు. వాడు పిలిచేది లాప్‌టాప్‌లోంచి, వాడే తయారుచేసిన ఒక ఆటలోంచి.

వాడికి ఒక రకం ఆటల పిచ్చి ఉండేది. తుపాకులు, కార్లు, పరుగులు ఉండేవి కాదు. తెర మీద ఒక బొమ్మ ఉంటుంది. ఒక గదో, వీధో, పాడుబడ్డ రైల్వే స్టేషనో. అందులో మనకేది చూడాలనిపిస్తే దాని మీద బాణం పెట్టి నొక్కాలి. కుండ మీద నొక్కితే కుండలో ఏముందో తెలుస్తుంది. మనిషి మీద నొక్కితే మాట్లాడతాడు. మనం ఇవ్వాల్సిన జవాబులు రెండో మూడో కింద వస్తాయి, ఒకటి ఎంచుకోవాలి. అలా వెతుక్కుంటూ, అడుక్కుంటూ పోతే కథ ముందుకి జరుగుతుంది. ఎక్కడో చలిదేశాల్లో ఒకళ్ళో ఇద్దరో కూర్చుని ఏళ్ళ తరబడి గీసి, రాసి, వదిలే చిన్న చిన్న ఆటలు.

సెలవుల్లో ఇద్దరం ఒకే కుర్చీలో చెరో సగం కూర్చుని ఆడేవాళ్ళం. ఇంగ్లీషు చదివి తెలుగులో చెప్పడం నా వంతు, మౌస్ వాడి వంతు. ఆ ఆటల్లో ఎవరింట్లోకి వెళ్ళినా సొరుగులన్నీ లాగి, దొరికిందల్లా సంచీలో వేసుకోవాలి. "ఇదేం దొంగబుద్ధిరా! మన ఊళ్ళో అయితే చీపురు తిరగేస్తారు" అన్నానొకసారి. "అందుకే మన ఊరి ఆట వేరేగా ఉండాలక్కా" అన్నాడు. అంతే, పురుగు బుర్రలో దూరింది. పగలు గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో కంప్యూటర్ దగ్గర ఉద్యోగం, ఇంటికొచ్చాక ఈ పని. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని అమ్మ సణిగేది. పెళ్ళీడొచ్చి బొమ్మలు గీసుకుంటాడేంటని చుట్టాలు దెప్పేవాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడు అన్నట్టు, వాళ్ళే ఇప్పుడు వాడంతటి కళాకారుడు జిల్లాలో లేడంటున్నారు.

ఆట పేరు 'కల్లం'. మిరపకాయలు ఎండబోసిన కల్లం, నేల కనపడకుండా ఎరుపు. ఓ పక్కన తాటాకు పాక. మా నాన్న బాలస్వామి బతికినంత కాలం ఊళ్ళో రైతుల కల్లాలకి కాపలా ఉన్నాడు. ఆయన మంచం, ఆయన నీళ్ళబిందె, ఆయన గొంగళి అన్నీ వాడు ఉన్నవి ఉన్నట్టు గీశాడు. ఆట ఆడే మనిషి అక్క. కాపలా ఉన్న తమ్ముడికి మధ్యాహ్నం అన్నం క్యారేజీ తెస్తుంది. తమ్ముడు కనపడడు. వెతకాలి. కథ అంతే.

పూర్తయిన రోజున దాన్ని నా లాప్‌టాప్‌లో వేసి, "చివర్లో నీకొక మాట ఉందక్కా. నన్నడక్కు, ఆడి తెలుసుకో" అన్నాడు. మర్నాడు ఒంగోలులో ఎవరి దగ్గరో మంచి మైకు ఉందని, గాలి చప్పుడు ఇంకా బాగా పట్టాలని బండి మీద వెళ్ళాడు. తిరుగుదారిలో లారీ గుద్దింది. బండితోపాటు వాడి సంచీ, సంచీలో వాడి కంప్యూటరు, అందులో వాడు రాసుకున్నదంతా నుజ్జయిపోయాయి. నా దగ్గర ఉన్న ఆట ఒక్కటే మిగిలింది.

చివర్లో నాకొక మాట ఉంది. ఏడాదిపాటు నాకు వేరే ధ్యాస లేదు. అన్నం తింటున్నా, బోర్డు మీద గుండె బొమ్మ గీస్తున్నా, ఆ మాటేమిటన్నదే. వాడి గొంతు నా దగ్గర వేరేచోట లేదు కూడా. ఫోన్లో మాట్లాడటం వాడికి బద్ధకం, అన్నీ టైపు చేసి పంపేవాడు.

ఎప్పుడు తెరిచినా ఆ ఆటలో మిట్టమధ్యాహ్నమే. మంచం మీద నొక్కితే 'ఇప్పుడే లేచినట్టున్నాడు' అని అక్షరాలు వస్తాయి. చెప్పుల మీద నొక్కితే 'లోపల ఇంకా వెచ్చగా ఉన్నాయి' అని. గ్లాసు మీద నొక్కితే 'అడుగున తడి ఉంది' అని. ఆ మూడూ చూశాక పాక దగ్గరికి పోవాలి. తలుపు లోపలినుంచి గడియ వేసి ఉంటుంది. కాసేపటికి లోపలినుంచి గొంతు వస్తుంది, "అక్కా" అని. తలుపు అంచు సన్నగా మెరుస్తుంది. మెరిసిందాని మీద నొక్కాలన్నది ఈ ఆటల్లో అఆలు. నొక్కుతాను. నొక్కగానే మిరపకాయల ఎరుపు తెరంతా కమ్మేస్తుంది. ఎరుపు పోయేసరికి మళ్ళీ మొదటికి వచ్చి, క్యారేజీ పట్టుకుని కల్లం బయట నిలబడి ఉంటాను.

ఎన్నిసార్లు ఆడానో లెక్కలేదు. ముందు గ్లాసు, తరవాత చెప్పులు చూశాను. క్యారేజీ విప్పి పెట్టాను. కుక్కకి ముద్ద వేశాను. ఎలా వెళ్ళినా "అక్కా" అనే వరకే. ఆ పైన ఎరుపు.

వాడి స్నేహితుడు రామకాంత్‌ని పిలిచాను. నల్లపాడులో అర్చకుల ఇంటి పిల్లాడు, ఇంట్లోనే కూర్చుని ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీకి పని చేస్తాడు. ఏసుబాబుతో కలిసి ఈ ఆటలు ఆడినవాడే. ఒక ఆదివారమంతా కూర్చున్నాడు. నేను ఎక్కడ ఆగిపోయానో అక్కడే ఆగిపోయాడు.

"గొంతులన్నీ ఒకే మూటలో కట్టి తాళం వేశాడక్కా. బయటినుంచి విప్పితే గరగరమంటుంది తప్ప మాట రావట్లేదు" అన్నాడు. "పూర్తి కాలేదేమో. అక్కడిదాకానే చేశాడేమో."

"పూర్తయిందని వాడే చెప్పాడు."

"చెప్తాడక్కా. మేమందరం అలాగే చెప్తాం. ఇలాగే నెట్‌లో పెట్టేద్దాం, వాడి పేరు నిలబడుతుంది."

నాకు ఒళ్ళు మండింది. "చివర లేకుండా పెడితే వాడి పేరు కాదు, వాడి మొండెం నిలబడుద్ది. నువ్వు లెయ్యి నాయనా, కాఫీ తాగి వెళ్ళు" అన్నాను. పాపం, తాగకుండానే వెళ్ళిపోయాడు.

ఒంటిపూట బడులు మొదలయ్యాయి. మిట్టమధ్యాహ్నం స్కూటీ మీద ఇంటికి వస్తుంటే రోడ్డుకి రెండుపక్కలా కల్లాలే. ఒకరోజు ఒక పాకలోంచి స్పష్టంగా "అక్కా" అని వినపడింది. బండి ఆపి, చెప్పులతోనే కాయల అంచుల మీదుగా నడిచి వెళ్ళి తలుపు తోశాను. లోపల రంగు పోయిన తాలుకాయలు ఏరే పిల్ల ఒకత్తి బిత్తరపోయి చూసింది. ఆ పిల్ల పిలిచింది వాళ్ళ అక్కని. "ఏం కావాలి టీచరుగారూ?" అంది. మంచినీళ్ళు కావాలన్నాను. ఇచ్చింది. ఘాటుకి దగ్గొచ్చి కళ్ళమ్మట నీళ్ళు కారాయి. ఘాటుకేనని నాకు నేను చెప్పుకుని బండెక్కాను. ఆ తరవాత ఆ దారిలో హారన్ కొట్టుకుంటూ పోయేదాన్ని, ఇంకేం వినపడకుండా.

అమ్మకి ఈ ఆట సంగతి తెలుసు. కానీ ఎప్పుడూ ఇటు చూసేది కాదు. నేను లాప్‌టాప్ తెరిస్తే ఆమె పెరట్లోకి వెళ్ళిపోయేది. మా అమ్మ ఆదెమ్మ కొడుకు సమాధి దగ్గర కూడా నిలబడి పాట పాడిన మనిషి. ఎవరైనా పలకరించడానికి వస్తే, "నా బిడ్డ ప్రభువు దగ్గరున్నాడు" అని, వచ్చినవాళ్ళకే ధైర్యం చెప్పి పంపేది. ఏడాదిలో ఆమె ఏడవడం నేను చూడలేదు. అందుకే ఆమెకి ఆ గొంతు వినపడకూడదని ఇయర్‌ఫోన్లు పెట్టుకునే ఆడేదాన్ని.

ఒక ఆదివారం చర్చినుంచి వచ్చాక చూస్తే ఇయర్‌ఫోన్ల వైరు తెగి ఉంది. అమ్మ వంటింట్లో కోడికూర పొయ్యి మీద పెట్టి, ఉల్లిపాయలు తరుగుతోంది. కూర ఉడికేలోపు ఒక్కసారి ఆడేస్తే సరి అనుకున్నాను. తాగేవాడికి సీసా కనిపించినట్టే నాకూను. సౌండు బాగా తగ్గించి మొదలుపెట్టాను. మంచం. చెప్పులు. గ్లాసు. పాక.

"అక్కా."

తగ్గించానన్న మాటే గానీ ఇల్లంతా వినపడింది. వంటింట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది. నా చెయ్యి అలవాటుగా మౌస్ మీదికి పోయింది. ఇంకో క్షణంలో నొక్కేదాన్నే. ఉల్లిపాయల తడితో ఒక చెయ్యి వచ్చి నా మణికట్టు గట్టిగా పట్టుకుంది.

"పలక్కు!" అంది అమ్మ.

"అమ్మా, వదులు."

"పలక్కే, నోర్మూసుకో! మొదటి పిలుపుకే పలుకుతారటే? మీ నాన్న ఏం చెప్పాడు మీకు?"

మా నాన్న చెప్పింది మా ఊళ్ళో కాపలా ఉన్న ప్రతివాడూ తన పిల్లలకి చెప్పేదే. కల్లం దగ్గర, అందులోనూ మిట్టమధ్యాహ్నం, ఎవరైనా పిలిస్తే వెంటనే పలకకూడదు. గాలీ ధూళీ రెండుసార్లే పిలుస్తాయి. పలికామా, వెంటబడతాయి. మనిషైతే మూడోసారి కూడా పిలుస్తాడు. అప్పుడు పలకాలి. చిన్నప్పుడు అన్నం తెచ్చి కల్లం బయట నిలబడి, "నాన్నా, నాన్నా" అని మూడుసార్లు గొంతు చించుకుంటే గానీ ఆయన పాకలోంచి తల బయటపెట్టేవాడు కాదు. చదువుకున్నాక నాకు ఆ అలవాటు మీద కోపం వచ్చింది. ఎవరు పిలిచినా మొదటి పిలుపుకే, పట్టుబట్టి మరీ, "ఓయ్" అని పలికేదాన్ని. పైగా పిలిచింది తమ్ముడు. తమ్ముడు పిలిస్తే ఎవరాగుతారు?

"అమ్మా, ఇది ఆట" అన్నాను. ఆమె చెయ్యి వదల్లేదు. తెర మీద తలుపు అంచు మెరిసి, మెరిసి, మామూలైపోయింది. ఏమీ జరగలేదు. కల్లం మీద గాలి వీస్తోంది. గాలికి తాటాకులు కదులుతున్నాయి. చాలాసేపు అంతే. కూర అడుగంటుతుందేమోనని నేను లేవబోయాను.

"అక్కా."

రెండోసారి. ఈ రెండో పిలుపు నేనెప్పుడూ వినలేదు. మొదటిదానికన్నా చిన్నగా, భయంగా ఉంది. అమ్మ వేళ్ళు ఇంకా బిగుసుకున్నాయి. ఆమె కళ్ళు తెర మీద లేవు, వీధి గుమ్మం మీద ఉన్నాయి.

మళ్ళీ గాలి. పొయ్యి మీద కూర కుతకుతమంటోంది. పిలవకపోతే బాగుండునని ఒక మనసు, పిలవకపోతే చచ్చిపోతానని ఒక మనసు.

"అక్కా, నేనే."

అమ్మ నా చెయ్యి వదిలేసింది. "మూడోసారి పిలిచాడు" అంది. ఆ గొంతు మా అమ్మది కాదు. "మనిషేనే. చచ్చినవాళ్ళు మూడోసారి పిలవరు."

నేను నొక్కక్కర్లేకుండానే గడియ తీసిన చప్పుడైంది. తలుపు దానంతటదే తెరుచుకుంది. పాక లోపల, నాన్న గొంగళి కప్పుకుని, అటు తిరిగి ఒక కుర్రాడు కూర్చుని ఉన్నాడు. ముఖం గీయలేదు. గొంతు మాత్రం వాడిదే, జలుబు చేసినప్పటి గొంతు.

"మొదటి పిలుపుకే ఎగబడి వచ్చేది మా అక్క కాదనుకున్నాను. మనవాళ్ళయితే ఆగుతారు గదా. అది వచ్చినప్పుడల్లా భయమేసి తలుపు బిగించుకున్నాను. ఇప్పుడొచ్చింది నువ్వే."

ఏడాదిపాటు ఆ తలుపు మీద పడి బాదింది నేను. లోపల భయపడుతూ కూర్చుంది వాడు. అది బొమ్మే, అది వాడు రాసిన మాటే, నాకు తెలుసు. తెలిసినా గుండె ముక్కలైపోయింది.

"అక్కా, నేను చచ్చిపోయానని అందరూ అంటున్నారు" అన్నాడు వాడు. "నిజమో కాదో నాకు తెలియట్లేదు. ఇక్కడ ఎప్పుడూ మధ్యాహ్నమే. నువ్వు చెబితే నమ్ముతాను. ఇంటికొచ్చేయనా?"

గొంతు ఆగిపోయింది. కింద రెండు జవాబులు వచ్చాయి.

*రా నాన్నా, ఇంటికి పోదాం.*

*లేదు నాన్నా. నువ్విక వెళ్ళు.*

నాకోసం దాచిన మాట ఇదా! చివర్లో ఒక మాట ఉందంటే, నాతో ఏదో చెబుతాడనుకున్నాను. వీడు అడుగుతున్నాడు. ఒరేయ్, ఎప్పుడు రాశావురా ఇది? ఎండాకాలంలో పిల్లల్ని భయపెట్టడానికి ఒక దెయ్యం కథ అల్లి, కోడిపిల్లలా కులాసాగా తిరుగుతూ రాసి ఉంటావు. దీనికి జవాబు చెప్పాల్సి వస్తుందని ఎప్పుడైనా అనుకున్నావా? వాడు ఎదురుగా ఉంటే చెంప పగలగొట్టేదాన్ని. ఎదురుగా ఉంటే చాలు, ఆ తరవాత ఏదైనా చేసేదాన్ని.

"ఏమని ఉంది?" అంది అమ్మ. ఆమెకి కళ్ళజోడు లేదు. చదివి చెప్పాను.

అమ్మ నా పక్కనే నేల మీద కూలబడింది.

"రెండోది చెప్పు" అంది.

"అమ్మా..."

"వెళ్ళమని చెప్పు. వాణ్ణి రమ్మంటే వస్తాడే. వచ్చి ఏం చేస్తాడు? మనం అన్నం తింటుంటే గుమ్మం కాడ నిలబడతాడు. లోపలికి రాలేడు, వెనక్కి పోలేడు. ఆ బతుకు నా బిడ్డకొద్దు."

"ఇది ఆటమ్మా. రెండిట్లో ఏది నొక్కినా మళ్ళీ మొదలుపెట్టుకోవచ్చు."

"ఆటయితే నీకు చేతులెందుకు వణుకుతున్నయ్?"

ఆమె చెప్పిందే సరైనదని నాకు తెలుసు. పాస్టరుగారిని అడిగినా అదే చెబుతారు. నా సైన్సుని అడిగినా అంతే. పోయినవాణ్ణి పొమ్మనాలి. బాణాన్ని రెండో జవాబు మీదికి తీసుకెళ్ళాను. *నువ్విక వెళ్ళు.* వేలు మౌస్ మీద ఉంది. అమ్మ చూస్తోంది. వాడు గొంగళి కప్పుకుని, నేనేం చెబితే అది నమ్ముతానని, అటు తిరిగి కూర్చుని ఉన్నాడు.

ఒంగోలు వెళ్ళే రోజు కూడా వాడు గుమ్మంలో నిలబడి "వెళ్ళనా అక్కా" అనే అడిగాడు. వెళ్ళు అన్నాను. ఏ అక్కయినా అదే అంటుంది. రెండోసారి మాత్రం నా వల్ల కాలేదు.

బాణం పైకి జరిపి నొక్కాను.

*రా నాన్నా, ఇంటికి పోదాం.*

కుర్రాడు లేచాడు. గొంగళి మంచం మీద పడింది. తెర మీద కల్లం, కల్లం పక్కన బాట, బాట మీద అక్క చేతిలో క్యారేజీ ఊగుతూ వెళుతోంది. వెనక ఎవరూ కనపడలేదు. అడుగుల చప్పుడు మాత్రం ఇద్దరిది. ఆ బాట చివర ఇల్లు వచ్చింది. మా ఇల్లే, రేకుల వసారా, నీలంరంగు తలుపు. అడుగుల చప్పుడు తలుపు దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పైన తెర నల్లగా అయి, ఏసుబాబు అన్న పేరు ఒక్కటే వచ్చి, అదీ పోయింది.

నేను అమ్మ వైపు చూడలేకపోయాను. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. ఆమె మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచింది. వంటింట్లోకి వెళ్ళి పొయ్యి ఆపింది. కూర అడుగంటిన వాసన ఇల్లంతా పట్టింది. గిన్నెల చప్పుడు వినపడింది.

తిరిగొచ్చి కంచాలు నేల మీద పెట్టింది. ఆమెకొకటి, నాకొకటి. మూడోది గుమ్మం వైపు.

"అమ్మా, ఏం చేస్తున్నావు?" అన్నాను.

"పిలిచింది నువ్వు" అంది. మూడో కంచంలో అన్నం పెట్టి, వాడికి ఇష్టమైన కాలుముక్క వెతికి వేసింది. "ఎండలో నడిచొచ్చినోడికి అన్నం పెట్టకుండా ఎట్టా ఉంటామే?" అంటూ, ఏడాదిలో మొదటిసారి, పైట నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

నేను తలుపు వైపు చూశాను. వీధంతా తెల్లటి ఎండ, మనిషి జాడ లేదు. దెయ్యాలు లేవని ఎన్ని తరగతుల పిల్లలకి చెప్పానో. అయినా లేచి, నా కంచం గోడవారకి జరుపుకుని, గుమ్మానికీ ఆ మూడో కంచానికీ మధ్య దారి వదిలి కూర్చున్నాను.